లేడీ మేనేజర్

ఆడపిల్లల కబడ్డీ టీము ఏ ఊరికి పోయినా వెంట ఒక ఆడమనిషి ఉండి తీరాలని యూనివర్సిటీ రూలు. ఆ రూలు రాసిన మహానుభావుణ్ణి ఒక్కసారి ఆళ్లగడ్డ బస్టాండులో, ఒక చేత్తో నీళ్ల క్యాను, ఇంకో చేత్తో పన్నెండు మంది పిల్లల్ని పట్టుకొని నిలబడమనాలని లూదియాకు ఏటా డిసెంబరులో అనిపిస్తుంది. తొంభై ఎనిమిది డిసెంబరులోనూ అనిపించింది.

కాలేజీలో ఆడ లెక్చరర్లు లేక కాదు. ఎకనామిక్స్ మేడానికి నడుము నొప్పి. బాటనీ మేడం అత్తగారు కబడ్డీ మాట వింటే చాలు మంచం ఎక్కుతుంది. తిరిగి తిరిగి ఆ పీడ వచ్చి, లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ తన మానాన తానుండే లూదియా మెడకు చుట్టుకుంటుంది. పైగా క్రిస్మస్ నెల. చర్చిలో పాటల జట్టును నడిపేది ఆమే. ఆమె లేని రోజు జట్టు పాడదు, కబుర్లు చెప్పుకుంటుంది.

"నంద్యాలే గదా మేడం, పక్కూరు. మూన్నాళ్ల పని. పోయినట్టు పోయి వచ్చినట్టు వస్తాం" అన్నాడు ఆనందరావు. కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు ఆయన. మెడలో విజిలు, చేతిలో ఎప్పుడూ మడత విప్పని పేపరు.

"మీరు పోయినట్టే పోతారు సార్. మోసేది నేను గదా" అంది లూదియా.

ఆయన నవ్వాడు. ఆమె ఏమన్నా ఆయన నవ్వుతాడు. అదొక ఒళ్లుమంట.

బస్సులో కండక్టరు కిట్ బ్యాగుకు లగేజీ టికెట్టు కొట్టాల్సిందేనన్నాడు. ఆనందరావు అప్పటికే ముందు సీటులో పేపరు మొహమ్మీద వేసుకొని నిద్రపోతున్నాడు. శిరివెళ్ల దాటేదాకా కండక్టరుతో పోట్లాడింది లూదియానే. ఆ గొడవ అంతా జరుగుతున్నంతసేపూ దుర్గ ఆ బ్యాగు మీదనే కూర్చొని కిటికీలోంచి చూస్తోంది. ఆ పిల్లది రుద్రవరం అవతల నల్లమల అంచున చెంచుగూడెం. హాస్టల్లో ఉండి బీఏ ఆఖరు సంవత్సరం చదువుతోంది. సన్నగా, నల్లగా ఉంటుంది. కూతకు పోతే మాత్రం ఏడుగురూ పట్టినా ఆగదని పిల్లలు చెప్తారు.

"మేడం, యూనివర్సిటీ టీములో ఒక్కసారి ఆడితే బీపీఈడీ సీటొస్తాది గదా?" అంది దుర్గ ఉన్నట్టుండి.

"మొన్న లైబ్రరీలో చెప్పినా గదమ్మా."

"ఇంగోసారి చెప్పండి."

"వస్తాది. స్పోర్ట్స్ కోటాలో వస్తాది. అది చేస్తే ఇస్కూల్లో పీఈటీ ఉద్యోగం. చాలా?"

దుర్గ తలూపి మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఆఖరు సంవత్సరం. ఈ సెలెక్షన్ తప్పితే ఇంకొకటి లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

టోర్నమెంటు జరిగే కాలేజీ గ్రౌండులో అప్పుడే సున్నంతో గీతలు గీస్తున్నారు. యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల టీములన్నీ ఇక్కడ ఆడతాయి. వాటిలోంచి పన్నెండు మందిని ఏరి యూనివర్సిటీ టీము కడతారు. ఆ టీము పదిహేనో తేదీకి మైసూరు పోయి మిగతా యూనివర్సిటీలతో ఆడాలి.

మ్యాచికి ముందు రెఫరీ పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్లు చూస్తాడు, చెవులు చూస్తాడు. గోరు గీరితే చర్మం లేస్తుంది, కమ్మ పట్టుకుంటే చెవి తెగుతుంది. అందుకని కమ్మలు, ముక్కుపుడకలు, గాజులు, పట్టీలు అన్నీ తీసి పెట్టాలి. ఎవరి దగ్గర పెట్టాలి? లేడీ మేనేజరు దగ్గర. ఎవరివి వాళ్లు కాగితం ముక్కలో చుట్టి ఇస్తే లూదియా అన్నిటినీ కలిపి కొంగున ముడేసి నడుములో దోపుకుంటుంది. ఇక ఆ రోజంతా ఆమె చెయ్యి ఆ ముడి మీదనే. అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి అక్కడే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆటల పోటీలకు పోతున్నా ఆమెకు ఆట అర్థం కాకపోవడానికి సగం కారణం ఆ ముడే. ఆమె కళ్లు గ్రౌండు మీద ఉన్నా ప్రాణం నడుములో ఉంటుంది.

దుర్గకు కమ్మలు లేవు. చెవుల్లో వేపపుల్లలు. మెడలోని గురివింద గింజల దండ తీసి ఆమె చేతిలో పెట్టింది.

"దీన్నెవురు ఎత్తుకపోతారే?" అంది లూదియా.

"మాయమ్మ గుచ్చింది మేడం" అంది దుర్గ. లూదియా దాన్నీ ముడేసింది.

ముడి వేసి తలెత్తేసరికి ఎదురుగా ఇంకో గుంపు నిలబడి ఉంది. డోన్ నుంచి వచ్చిన టీము. వాళ్లతో వచ్చింది ఒక కెమిస్ట్రీ సారు. వాళ్ల ఫిజికల్ డైరెక్టరు పోస్టు ఖాళీగా ఉందట. సారుకు నంద్యాలలో అత్తగారిల్లు. పిల్లల్ని గేటు దగ్గర దింపి ఆయన అటే పోయాడు.

"మా కమ్మలూ పెట్టుకుంటారా మేడం?" అంది వాళ్లలో పెద్ద పిల్ల. పేరు వెంకటమ్మ. బలంగా, గట్టి భుజాలతో ఉంది. వాళ్ల నాయన బండల ఫ్యాక్టరీలో పని చేస్తాడట.

"మీకో మేడం లేదా?"

"లేదు మేడం. ప్యూను భార్యను తోడు తీసుకొస్తామన్న్యారు. ఆయమ్మ రాలే."

"ప్రభువా! ఊళ్లోని కమ్మలన్నీ నా నడుముకేనా?" అని విసుక్కుంటూనే లూదియా కొంగు రెండో కొస ముందుకు చాచింది.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. పొద్దున ముళ్లు వేయడం, సాయంత్రం విప్పడం, మధ్యలో మోకాళ్లు చెక్కుకుపోయిన పిల్లలకు డెట్టాలు రాయడం. ఆనందరావు మిగతా ఫిజికల్ డైరెక్టర్లతో కలిసి షామియానా కింద కుర్చీలో. భోజనాలు, షామియానా, పిల్లలకు జెర్సీలు అన్నీ సీతారాం శెట్టిగారివి. బజార్లో బట్టల అంగడి. ఆయన కూతురు సాయిశ్రీ ఆ కాలేజీ టీములోనే ఆడుతుంది. మంచి మనిషి. స్వయంగా నిలబడి పిల్లలకు వడ్డిస్తూ, "ఇంగో ముద్ద పెట్టుకోండి తల్లీ, ఆడేవాళ్లు" అని బతిమాలేవాడు. సాయిశ్రీ తన కమ్మలు తీసి ఆయన జేబులో వేసి పోయేది.

రెండో రోజు ఆళ్లగడ్డకూ డోన్‌కూ మ్యాచి పడింది. ఆట తెలియని లూదియా కూడా ఆ మ్యాచి మాత్రం చూసింది. దుర్గ కూత పెట్టి గీత దాటిందంటే అవతలి పిల్లలు గోడకు ఆనుకున్నట్టు వెనక్కి పోయేవాళ్లు. ఒక్క వెంకటమ్మ పోయేది కాదు. మూలన కాలు పాతినట్టు నిలబడి, దుర్గ వెనక్కి తిరిగే ఆ ఒక్క క్షణం కోసం కాచుకొని, చీలమండ పట్టేసేది. రెండుసార్లు పట్టింది. మూడోసారి దుర్గ ఆమెను ఈడ్చుకుంటూ మధ్య గీత దాకా పోయి చేత్తో గీత తాకింది. ఇద్దరూ మట్టిలో పడి ఆయాసపడుతూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వారు. ఆళ్లగడ్డ గెలిచింది. ఓడిన వెంకటమ్మ గెలిచిన దుర్గకు క్యానులోంచి నీళ్లు వంపి ఇచ్చింది.

"ఈ పిల్లొకటి, నువ్వొకటి మైసూరుకు పోతే అయిపాయ. ఇంగెవురూ వద్దు" అంది లూదియా ఆ సాయంత్రం ముళ్లు విప్పుతూ.

మూడో రోజు పొద్దున డోన్ మూడో స్థానానికి ఆడింది. ఫైనల్లో ఆళ్లగడ్డ కొద్దిలో ఓడిపోయింది. గెలిచింది నంద్యాల టీము. అది బాధ కాదు. ఆడినవాళ్లు ఎవరో చూసినవాళ్లకు తెలుసు. లూదియా చూపు గడియారం మీద ఉంది. నాలుగున్నరకు ఆళ్లగడ్డ బస్సు, ఏడింటికి పాటల జట్టు.

ఆడపిల్లల బాత్రూముకు తాళం. ఆ తాళంచెవి ఫిజికల్ డైరెక్టర్ల గదిలో. ఆడపిల్లల టోర్నమెంటు పెట్టి ఆడపిల్లల బాత్రూముకు తాళం వేసిన బుద్ధికి దండం పెట్టాలి. మూడు రోజుల్లో ఎన్నిసార్లు ఆ గదికి పోయిందో లెక్క లేదు. ఈసారి పోయేసరికి బల్ల మీద పేపర్లో మిరపకాయ బజ్జీలు. చుట్టూ అందరూ. మధ్యలో సెలెక్షన్ కన్వీనరు మురళీధర్, యూనివర్సిటీ నుంచి వచ్చినాయన.

"ఆతిథ్యమిచ్చినోళ్లకు అయిదు. శెట్టిగారి పాపను ఎట్లా కాదంటాం? ఆయన నోరు తెరిచి అడగలే, నిజమే. అడిగేదాకా చూస్తే బాగుంటాదా? ఆళ్లగడ్డకు రెండు చాలు ఆనందరావ్" అంటున్నాడు మురళీధర్.

"అట్లనే కానీ సార్. దుర్గను వదిలేస్తా. దానికి బదులు వచ్చే నెల వాలీబాలులో మా ఓబులేసును చూసుకోవల్ల" అన్నాడు ఆనందరావు బజ్జీ తొడిమ తీస్తూ.

"ఓబులేసు ఖాయమప్పా."

తలుపు దగ్గర నిలబడిన లూదియాకు ఎవరో మొహం చూడకుండానే తాళంచెవి అందించారు. ఆమె తీసుకుంది. పోయి పిల్లలకు తలుపు తీసింది. అంతా అయ్యాక తన పిల్లలవి విప్పి వాళ్లకిచ్చి తాళం వేసింది. అప్పటికి గానీ విన్నది ఆమెకు తలకెక్కలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆ పిల్ల ఒళ్లంతా చెక్కుకొని ఆడిన ఆటను బజ్జీ తింటూ ఇచ్చేశాడు!

వరండాలో ఆనందరావును నిలేసింది. "దుర్గను అమ్మేసినారా సార్?"

"అమ్మేదేంది మేడం, అంత మాట! సర్దుబాటు. అన్ని ఆటల్లో ఇట్లే జరుగుతాది. ఓబులేసు మగపిల్లోడు, పోలీసు సెలెక్షనుకు పనికొస్తాది. ఆ పిల్ల ఏం చేస్తాది చెప్పండి? గూడేనికి పోతే రేపో మాపో పెండ్లి చేస్తారు."

"పెండ్లి చేస్తారని మీకు చెప్పినారా? నాకు ఆ పిల్ల చెప్పింది వేరే."

ఆయన నవ్వాడు. సరిగ్గా అప్పుడే మురళీధర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "మీ కోసమే చూస్తాండా మేడం. మైసూరుకు లేడీ మేనేజరు దొరకడంలే. అందరినీ అడిగినా. క్రిస్మస్ ముందర కష్టమే, మీరే ఎట్లన్నా..."

ఏటా అడుగుతారు. ఏటా ఆమె కాదంటుంది. నంద్యాలకే ఏడుస్తూ వచ్చే మనిషి మైసూరుకు పోతుందా? వారం రోజులు, రైళ్లు మారడం, ఎవరో తెలియని పిల్లలు. పాటల జట్టు సంగతి సరేసరి.

"వస్తా" అంది లూదియా. ఆ మాట అన్నది తానేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "మా దుర్గ టీములో ఉంటే వస్తా. లేకుంటే మీరు ఇంకొకర్ని వెతుక్కోండి."

ఆనందరావు నవ్వు ఆగిపోయింది. మురళీధర్ మొహం మాత్రం విచ్చుకుంది.

"అంతేనా మేడం? దానికేముండాది! పెట్టేస్తాం."

ఇంత తేలికా! ఇన్నేళ్లూ నోరు మూసుకొని తాళంచెవులకు తిరిగానే అని తనమీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఒక గర్వం కూడా. బస్సు పోతే తర్వాత బస్సు. జట్టుకు ఫోను చేసి చెప్పొచ్చు, వీధి చివర ఎస్టీడీ బూతు ఉంది. నడుములో ముడి మీద చెయ్యి వేసుకొని హాయిగా గ్రౌండుకు పోయింది.

కప్పులు ఇవ్వడం అయ్యాక మురళీధర్ మైకు ముందు నిలబడి పన్నెండు పేర్లు చదివాడు. సాయిశ్రీ పేరు వచ్చింది, చప్పట్లు. దుర్గ పేరు వచ్చింది. ఆళ్లగడ్డ పిల్లలు కేక పెట్టి ఆ పిల్లను పైకెత్తారు. లూదియాకు కళ్లు చెమ్మగిల్లాయి. సిగ్గేసి కొంగుతో తుడుచుకోబోతే కొంగు ముడిలో ఉంది.

పేర్లు అయిపోయాయి. జనం లేచారు.

"మేడం, మా కమ్మలు ఇస్తారా? బండికి టైమైతాంది."

వెంకటమ్మ. వెనకాల డోన్ పిల్లలు సంచులతో నిలబడి ఉన్నారు. వెంకటమ్మ మొహంలో ఏడుపు లేదు. మొహం కడుక్కొని, తల దువ్వుకొని వచ్చింది.

"నీ పేరు చదివినారా? నేను సరిగ్గా వినలే" అంది లూదియా.

"లేదు మేడం. పొద్దున ఉండిందంట. ఇప్పుడు తీసేసినారంట. మా సారు లోపల ల్యాకపాయ గదా" అంది వెంకటమ్మ, వాన పడలేదన్నంత మామూలుగా.

లూదియా చెయ్యి ముడి మీద ఆగిపోయింది.

తీసేసింది సాయిశ్రీని కాదు. శెట్టిగారు ముందు వరసలో కూర్చొని ఉండగా ఎట్లా తీస్తారు? మిగతావాళ్లకు గదిలో ఎవరో ఒకరున్నారు. ఎవరూ లేనిది వీళ్లకే. దుర్గకు చోటు ఇమ్మంది గానీ ఎవరి చోటు అని తాను అడగలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. 'మా దుర్గ' అంది తాను. ఆనందరావు 'మా ఓబులేసు' అన్నట్టే. బజ్జీ ఒక్కటే తినలేదు, బేరం మాత్రం అదే ఆడింది. ఆ తలంపు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

"నీ కమ్మలు ఇప్పుడియ్యను. ఈడనే ఉండు" అంది లూదియా.

నేరుగా మైకు బల్ల దగ్గరికి పోయింది. మురళీధర్ కాగితాలు సర్దుకుంటున్నాడు. పక్కన ఆనందరావు, సీతారాం శెట్టిగారు.

"సార్, వెంకటమ్మను ఎందుకు తీసినారు?"

"మేడం, మీ పిల్ల వచ్చింది గదా, ఇంగేం?" అన్నాడు ఆనందరావు మెల్లగా.

"నా పిల్లేంది సార్, మీ పిల్లేంది! మూన్నాళ్లు ఆడింది ఎవురు?"

చర్చిలో మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినిపించే గొంతు అది. సంచులు భుజాన వేసుకున్న పిల్లలు ఆగిపోయారు.

"పన్నెండే మేడం. పదమూడో పేరు పట్టదు. ఎవర్నని తీయమంటారు, మీరే చెప్పండి" అన్నాడు మురళీధర్. ఆయన కంఠంలో విసుగు, విసుగు కింద కొంచెం భయం.

ఇదే మొదటిసారి ఆమెను ఆట గురించి ఒకరు అడగడం. లూదియా నోరు తెరిచింది. సాయిశ్రీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పైకి అనేస్తే ఆ పిల్ల ఆ జనం మధ్య ఏమైపోతుందో అనుకుంది. ఇంకో బేరం అవుతుంది, అంతే.

"నాకు ఆట తెలీదు సార్. పిల్లలు ఈడనే ఉండారు. గీతలు చెరిగిపోలే. రెండు జట్లు చేసి అందరెదురుగా ఒక మ్యాచి ఆడించండి. గదిలో గాదు, ఈడ. చూసి రాయండి. అట్లయితే నేను మైసూరుకు వస్తా. లేకుంటే ఈ టీము యాడికీ పోదు. లేడీ మేనేజరు లేకుంటే గ్రౌండులో కాలు పెట్టనీయరు. రూలు మీదే."

"పొద్దు వాలుతాంది మేడం..."

"వాలనీ. గంట ఉండాది."

మురళీధర్ ఆనందరావు వైపు చూశాడు. ఆనందరావు పేపరు వైపు చూశాడు. సీతారాం శెట్టిగారు ఏమీ అర్థంకాక అందరి మొహాలూ చూసి, "ఆడించండి సార్, దాంట్లో తప్పేముండాది? మా పాపకూ మంచిదే గదా" అన్నాడు. ఆ అమాయకత్వానికి మురళీధర్ తల పట్టుకున్నాడు.

ఆ హడావుడిలో లూదియా ఒక్కటి మరిచింది. ఇప్పుడు గుర్తొచ్చింది. దుర్గ. చేతికొచ్చిన చోటును మళ్లీ గ్రౌండులో పారేసింది తాను. ఆ పిల్లను అడగనైనా అడగలేదు. మ్యాచిలో కాలు బెణికితే? ఆయాసానికి కూత తెగితే?

వెనక్కి తిరిగేసరికి దుర్గ అక్కడే ఉంది. చున్నీ తీసి నడుముకు బిగించి కట్టుకుంటోంది.

"దుర్గా, నీకు చోటొచ్చింది. నేను మళ్ల..."

"పొద్దున గూడా వచ్చిందంట, పోయిందంట, మళ్ల వచ్చిందంట. మేం విస్తళ్లు కుట్టే అడ్డాకులే నయం మేడం, గాలికి ఒక పక్కకే పోతాయి" అంది దుర్గ చిరాగ్గా. "ఈడ ఆడి తెచ్చుకుంటే మళ్ల ఎవురూ తీయలేరు గదా. వెంకటమ్మను నా ఎదురు జట్టులో పెట్టమనండి. అది పడితేనే పట్టినట్టు."

సున్నం డబ్బా కోసం ఎవరో పరుగెత్తారు. సగం సంచులు సర్దుకున్న పిల్లలు మళ్లీ జెర్సీలు తొడుక్కున్నారు. నాలుగున్నర బస్సు ఎప్పుడో పోయింది. ఏడింటికి జట్టు కబుర్లే చెప్పుకుంటుంది. చెప్పుకోనీ.

రెఫరీ వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్లు చూడడం మొదలుపెట్టాడు. దుర్గ మెడలోంచి గురివింద దండ తీసి లూదియా చేతిలో పెట్టి పోయింది. వెంకటమ్మ కమ్మలు ముడిలోనే ఉన్నాయి. ముడి విప్పి దండను వాటి పక్కన పెట్టి మళ్లీ బిగించబోతుంటే ఎదురుగా ఎవరో నిలబడ్డారు.

సాయిశ్రీ. మొహం ఎర్రబడి ఉంది. అన్నీ విందని ఆ మొహమే చెప్తోంది. నాలుగడుగుల దూరంలో వాళ్ల నాయన అలవాటు ప్రకారం జేబు తెరిచి పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల అటు పోలేదు. చెవులకున్న బరువైన కమ్మలు ఒకటొకటిగా తీసి, కాగితం కోసం వెతికి, దొరక్క, అట్లాగే అరచేతిలో పెట్టి చాచింది.

"నావి గూడా పెట్టుకోండి మేడం" అంది.

లూదియా కొంగు చాచింది. అన్నిటినీ కలిపి ఒకే ముడి వేసి, నడుములో దోపుకొని, గీత పక్కన నేలమీదనే కూర్చుంది. ఈసారి చెయ్యి ముడి మీద పెట్టుకోలేదు. ఆట చూడాలి.